మీకు తెలుసా? రేకు వంగకముందే వంకర కనిపెట్టే లెక్క

షాపు ముందు షట్టర్ పట్టీలు, షెడ్డు మీది కలర్ రేకులు, ఫాల్స్ సీలింగ్ వెనక కనపడని జి.ఐ. చానెళ్ళు, గోడౌన్‌లో ర్యాకుల నిలువు కాళ్ళు, హైవే పక్కన సాగే క్రాష్ బారియర్లు, సోలార్ పలకలను మోసే పర్లిన్లు. వీటిలో చాలామటుకు పుట్టిన తీరు ఒక్కటే. కాయిల్‌గా వచ్చిన చదును రేకును వరసగా నిలబెట్టిన రోలర్ల జతల మధ్యనుంచి నడిపిస్తారు. ఒక్కో జత కాస్త కాస్త వంచుతుంది. ఆఖరి జత దాటేసరికి కావలసిన ఆకారం వచ్చేస్తుంది. రేకును వేడి చేయరు, కరిగించరు. కాయిల్ అయిపోయేదాకా సెక్షన్ అలా వస్తూనే ఉంటుంది. ఈ పద్ధతి పేరు రోల్ ఫార్మింగ్.

చూడ్డానికి ఇంత సాఫీగా సాగే పనిలో తప్పు జరిగితే మాత్రం ఖర్చు పెద్దది. రోలర్లను డి-2 వంటి గట్టి టూల్ స్టీలుతో చేస్తారు. లేత్ మీద కోసి, హీట్ ట్రీట్‌మెంట్ చేసి, గ్రైండింగ్ పట్టాక బిగిస్తారు. ఒక ఆకారానికి ఇరవై జతలు ఉండటం మామూలే. అంతా బిగించి రేకు వదిలాక అది మెలి తిరిగి బయటికొస్తే, ఏ జత దగ్గర తప్పు మొదలైందో కంటికి తెలియదు. అందుకే రోలర్లు కోయకముందే రేకును కంప్యూటర్‌లో నడిపి చూస్తున్నారు. దీన్నే సిమ్యులేషన్ అంటారు. ఆ లెక్క లోపలి సంగతులు కొన్ని ఇవి.

అంచు నడిచే దారే ఎక్కువ పొడవు

రోల్ ఫార్మింగ్‌లో మూల వంచడం పెద్ద సమస్య కాదు. 90 డిగ్రీల మూలను ప్రెస్ బ్రేక్ మీద రోజూ వంచుతూనే ఉన్నారు. అక్కడ రేకు పొడవంతా ఒకేసారి వంగుతుంది. రోలర్ల మధ్య అలా కాదు. రేకు ముందు భాగం అప్పటికే వంగి ఉంటుంది, వెనక భాగం ఇంకా చదునుగానే ఉంటుంది. ఈ రెంటి మధ్య అంచు కిందినుంచి పైకి ఎక్కుతూ నడవాలి. నడుమ భాగం నేరుగా పోతుంది. అంచుది ఏటవాలు దారి కాబట్టి దాని పొడవు ఎక్కువ. రెండూ ఒకే రేకులో భాగాలు, ఒకే వేగంతో ముందుకు పోవాలి. అంచు సాగక తప్పదు.

ఎంత సాగుతుందో చేతిలెక్కతోనే చూడవచ్చు. 50 మి.మీ. వెడల్పున్న రెక్కను, అంటే వంగే పక్క భాగాన్ని, ఒక జత దగ్గర 15 డిగ్రీలు పైకి లేపుతున్నామనుకుందాం. అంచు దాదాపు 13 మి.మీ. జరుగుతుంది. రెండు జతల మధ్య దూరం 300 మి.మీ. అయితే ఆ ఏటవాలు దారి నేరుదారికంటే సుమారు 0.095 శాతం పొడుగు. వినడానికి ఇది ఏ మూలకూ రాని అంకె. కానీ 250 మెగాపాస్కల్ యీల్డ్ ఉన్న మామూలు ఉక్కుకు 0.12 శాతం దగ్గరే గీత ఉంది. ఆ లోపు సాగితే వదలగానే తన పొడవుకు తిరిగి వస్తుంది. దాటితే పూర్తిగా రాదు.

ఇప్పుడు జతల సంఖ్య తగ్గించి ఖర్చు మిగుల్చుకుందామని ఒకే జతలో 30 డిగ్రీలు లేపితే? అంచు 26 మి.మీ. జరుగుతుంది, సాగుడు 0.37 శాతానికి చేరుతుంది. కోణం రెట్టింపయితే సాగుడు దాదాపు నాలుగింతలైంది. గీత ఎప్పుడో దాటిపోయింది.

అలా దాటిన అంచు శాశ్వతంగా పొడుగైపోతుంది. ముందుకు వెళ్ళాక దాని దారి మళ్ళీ నేరుగా మారుతుంది, అప్పుడు ఆ అదనపు పొడవుకు చోటుండదు. అంచు చీర కుచ్చిళ్ళలా ముడతలు పడుతుంది. లేదంటే మొత్తం సెక్షనే పైకో కిందికో వంగుతుంది, పక్కకు లాగుతుంది, మెలి తిరుగుతుంది. పర్లిన్ నేల మీద పెడితే సమంగా ఆనకపోవడానికి, సీలింగ్ చానెల్ దారం పట్టి చూస్తే నేరుగా లేకపోవడానికి చాలాసార్లు కారణం కంటికి ఆనని ఈ అర శాతం లోపు సాగుడే. సిమ్యులేషన్ చేయాల్సిన మొదటి పని అంచు వెంట ప్రతి జత దగ్గరా ఎంత సాగిందో గీసి చూపడం. మిగతా బొమ్మలు ఎంత రంగురంగులుగా ఉన్నా ఇంజనీరు ముందుగా చూడాల్సింది ఆ ఒక్క గీతనే అని నా నమ్మకం.

ఉక్కు బలంతో పనిలేదన్న సూత్రం

పై లెక్కలో రెండు జతల మధ్య దూరమంతా రేకు సమంగా లేస్తుందని అనుకున్నాం. నిజానికి రేకు కొంతదూరం చదునుగానే వచ్చి, రోలర్‌కు కాస్త ముందునుంచి లేవడం మొదలుపెడుతుంది. ఎంత ముందునుంచి? 1984లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీలో దేబేశ్ భట్టాచార్య, మరో ముగ్గురు సహ పరిశోధకులు దీనికి ఒక చిన్న సూత్రం ఇచ్చారు. అందులో కావలసినవి మూడే: రెక్క వెడల్పు, వంచే కోణం, రేకు మందం.

మన 50 మి.మీ. రెక్కకు, 15 డిగ్రీలకు, 1.5 మి.మీ. మందానికి ఆ సూత్రం ప్రకారం దూరం సుమారు 240 మి.మీ. వస్తుంది. అంటే సాగుడంతా 300లో కాక 240లోనే ఇమడాలి. 0.095 శాతం అనుకున్నది 0.15 అయింది. క్షేమం అనుకున్న జత కూడా గీత దాటేసింది. మందాన్ని 0.5 మి.మీ.కి తగ్గిస్తే దూరం 418 మి.మీ. అవుతుంది. అది జతల మధ్య ఉన్న 300 మి.మీ.లో పట్టదు, వెనక జత అడ్డుపడుతుంది. పలుచని రేకుకు, వెడల్పాటి రెక్కకు జతలను దూరందూరంగా పెట్టడం ఎందుకు మేలో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ఆ సూత్రంలో ఉక్కు బలం అన్న మాటే లేకపోవడం నన్ను బాగా ఆకట్టుకున్న విషయం. మెత్తని రేకైనా గట్టి రేకైనా దూరం ఒకటే అంటుంది. కారణం చక్కగా ఉంటుంది. మూలను వంచడానికి కొంత శక్తి పడుతుంది, రెక్కను సాగదీయడానికి కొంత శక్తి పడుతుంది. దూరం తక్కువైతే సాగదీసే శక్తి పెరుగుతుంది, ఎక్కువైతే వంచే శక్తి పెరుగుతుంది. రెండూ కలిపి ఎక్కడ అతి తక్కువ అవుతాయో రేకు ఆ దూరాన్నే ఎంచుకుంటుంది. రెండు శక్తులూ ఉక్కు బలాన్నిబట్టి ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి కాబట్టి లెక్కలో ఆ బలం కొట్టుపోతుంది.

అయితే ఇందులో ఒక షరతు దాగి ఉంది. రేకుకు స్ప్రింగ్ గుణం అసలు లేదని ఆ సూత్రం అనుకుంటుంది. 2007లో స్వీడన్ పరిశోధకుడు మైకేల్ లిండ్‌గ్రెన్ యు-చానెల్‌ను కంప్యూటర్‌లో నడిపి, బలం మారుస్తూ చూశారు. ఉక్కు బలం పెరిగేకొద్దీ వంగే దూరం పెరిగింది, అంచులో శిఖర సాగుడు తగ్గింది. చేతిసూత్రం వదిలేసినదాన్ని సిమ్యులేషన్ పట్టుకుందన్నమాట. అలాగని సూత్రం పనికిరాదనకూడదు. సిమ్యులేషన్ ఇచ్చిన అంకె సబబుగా ఉందో లేదో తేల్చుకోవడానికి ఇప్పటికీ ముందు దాన్నే వాడాలి.

టోక్యోలో సైన్ వక్రం

పెద్ద సిమ్యులేషన్ ప్యాకేజీలు ఫ్యాక్టరీలకు అందకముందే, 1970ల్లో టోక్యో యూనివర్సిటీలో మనాబు కియుచి రోల్ ఫార్మింగ్‌ను లెక్కలోకి తెచ్చారు. రెండు జతల మధ్య రేకు సైన్ వక్రం ఆధారంగా ఆకారం మార్చుకుంటుందని అనుకుని, ఆ వక్రంలోని ఒక సంఖ్యను మారుస్తూ పోయి, అతి తక్కువ శక్తి పట్టే ఆకారాన్ని ఎంచుకునే పద్ధతి ఆయనది. ఆనాటి కంప్యూటర్ల శక్తికి అది సరిపోయింది. తర్వాత వచ్చిన ఎన్నో పరిశోధనలు అక్కడినుంచే మొదలయ్యాయి.

డిజైనర్ ముందుగా గీసేది పువ్వు

ప్రతి జత దగ్గర రేకు అడ్డుకోత ఎలా ఉంటుందో గీసి, అన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే వచ్చే బొమ్మను ఫ్లవర్ అంటారు. ఏ మూల ముందు వంగాలి, ఏ జతలో ఎన్ని డిగ్రీలు అన్నది అందులోనే తేలిపోతుంది. రోలర్ల ఆకారం ఆ తర్వాత వస్తుంది. జర్మనీ నుంచి వచ్చిన కోప్రా, ప్రొఫిల్ అనే సాఫ్ట్‌వేర్లు ఈ పనికి పేరుపడ్డవి. ఫ్లవర్ గీయడం, రోలర్లు గీయడం, ఆ రోలర్లను సిమ్యులేషన్‌కు పంపడం ఒకే చోట జరుగుతాయి.

20 సెకన్లకు 5 కోట్ల అడుగులు

సిమ్యులేషన్ అంటే రేకును వేల చిన్న గళ్ళుగా విడగొట్టి, ప్రతి గడి మీద బలం, సాగుడు లెక్కించడం. ఆ గడికి ఫైనైట్ ఎలిమెంట్ అన్న పేరు 1960లో బర్క్‌లీ ప్రొఫెసర్ రే క్లాఫ్ రాసిన పేపర్‌తో నిలిచింది. అంతకు నాలుగేళ్ళ ముందు ఆయన బోయింగ్ ఇంజనీర్లతో కలిసి రాసిన పేపర్ విమాన నిర్మాణాల గట్టిదనం గురించి. రేకు పనివాళ్ళకు ఆ విద్య విమానాలవాళ్ళ దగ్గరినుంచి వచ్చింది.

గళ్ళ లెక్కను కాలంలో ముందుకు నడపడానికి రెండు దారులున్నాయి. మొదటిది ఎక్స్‌ప్లిసిట్. కాలాన్ని అతి చిన్న అడుగులుగా వేసుకుంటూ పోతారు. ఒక అడుగులో శబ్ద తరంగం ఒక గడిని దాటిపోకూడదన్నది నియమం. ఉక్కులో శబ్దం సెకనుకు దాదాపు 5,000 మీటర్లు పోతుంది. గడి 2 మి.మీ. ఉంటే అడుగు సెకనులో పది లక్షలో వంతులో 0.4 మాత్రమే. ఇప్పుడు ఒక మీటరు రేకు ముక్క, 300 మి.మీ. ఎడంతో ఇరవై జతలు, నిమిషానికి 20 మీటర్ల వేగం అనుకోండి. ముక్క ఈ చివరినుంచి ఆ చివర దాటడానికి దాదాపు 20 సెకన్లు. అడుగులు లెక్కేస్తే సుమారు 5 కోట్లు. ప్రతి అడుగులోనూ అన్ని గళ్ళనూ లెక్కించాలి.

అంతసేపు ఎవరూ ఆగలేరు కాబట్టి లెక్కలో ఉక్కు బరువును పెంచుతారు, లేదా రేకును అసలు వేగంకంటే ఎన్నో రెట్లు జోరుగా నడుపుతారు. దాంతో అడుగుల సంఖ్య తగ్గుతుంది. కానీ ఇక్కడే జాగ్రత్త కావాలి. మరీ పెంచితే రేకు నిజంగా ఎప్పుడూ చేయని ఊగిసలాట లెక్కలో పుడుతుంది. ఆ అలలను చూసి అంచు ముడత పడిందనుకుంటే మంచి డిజైన్‌ను చెడ్డదని పారేసినట్టే. అందుకే కదలికలోని శక్తి, వంచడానికి పట్టిన శక్తిలో కొద్ది శాతం దాటకుండా ఉందో లేదో ప్రతిసారీ చూడాలి. రిపోర్టులో ఆ అంకె ఇవ్వని సిమ్యులేషన్‌ను నేనైతే నమ్మను.

రెండో దారి ఇంప్లిసిట్. ప్రతి అడుగులోనూ బలాలన్నీ సమతూకంలోకి వచ్చేదాకా లెక్కను తిప్పి తిప్పి చేస్తారు. అడుగులు పెద్దవి వేయవచ్చు గానీ, రేకు రోలర్‌ను తాకీ తాకనట్టు ఉన్నచోట లెక్క కుదురుకోక మొరాయిస్తుంది. కోప్రా వెనక పనిచేసే మార్క్ అనే సాల్వర్ ఈ జాతిదే. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీలో పనిచేసిన పెడ్రో మార్సల్ 1971లో దాన్ని వ్యాపార సాఫ్ట్‌వేర్‌గా తెచ్చారు. ఎక్స్‌ప్లిసిట్ వైపు పేరున్న ఎల్ఎస్-డైనా మూలాలు 1976లో లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌లో జాన్ హాల్‌క్విస్ట్ రాసిన ప్రోగ్రామ్‌లో ఉన్నాయి.

రేకు కదలదు, రోలర్లే నడుస్తాయి

నిజమైన లైన్‌లో రోలర్లు తిరుగుతూ రేకును లాగుతాయి. కంప్యూటర్‌లో చాలాసార్లు రేకును ఒకచోట పట్టి ఉంచి రోలర్లను దాని మీదుగా నడిపిస్తారు, లేదా రేకు ముందు చివరను పట్టి లాగుతారు. రాపిడిని లెక్కలోంచి తీసేస్తారు. ఆకారం ఎలా వస్తుందన్న ప్రశ్నకు దీనివల్ల పెద్ద తేడా రాదు, టైము బోలెడంత మిగులుతుంది.

రాపిడి తీసేస్తే రెండు ప్రశ్నలకు జవాబు దొరకదు. ఒకటి, మోటారు ఎంత హార్స్‌పవర్ ఉండాలన్నది. రెండోది, గీతలు ఎక్కడ పడతాయన్నది. గాడి ఉన్న రోలర్‌కు ఒక్కోచోట ఒక్కో వ్యాసం ఉంటుంది, కాబట్టి ఒకే రోలర్ మీద ఒక్కో చోట ఒక్కో వేగం. ఎక్కడో ఒక వ్యాసం దగ్గరే అది రేకు వేగంతో కలుస్తుంది, మిగతాచోట్ల జారుతుంది. కలర్ కోటింగ్ ఉన్న రేకు మీద గీతలు పడేది అలా జారే చోటే.

వదలగానే తెరుచుకునే మూల

వంచి వదిలిన రేకు కొంచెం వెనక్కి తెరుచుకుంటుంది. దీన్ని స్ప్రింగ్ బ్యాక్ అంటారు. 1.5 మి.మీ. మందం, 3 మి.మీ. లోపలి వ్యాసార్థం ఉన్న 90 డిగ్రీల మూలకు పాఠ్యపుస్తకాల సూత్రంతో లెక్క కడితే, 250 మెగాపాస్కల్ ఉక్కు సుమారు 0.7 డిగ్రీ తెరుచుకుంటుంది. అదే బలమున్న అల్యూమినియం 1.9 డిగ్రీలు. దాని బిగువు ఉక్కులో మూడోవంతే కావడం అందుకు కారణం. 1,200 మెగాపాస్కల్ ఉక్కయితే 3 డిగ్రీలు దాటుతుంది. అంత గట్టి ఉక్కును 3 మి.మీ. వ్యాసార్థంతో వంచితే పగులుతుందని భయపడి వ్యాసార్థం రెట్టింపు చేస్తే, తెరుచుకునేది 6 డిగ్రీలు దాటుతుంది.

గట్టి ఉక్కు అంటే కష్టమే అనిపిస్తుంది గానీ, రెండోవైపు మేలు కూడా ఉంది. 1,000 మెగాపాస్కల్ ఉక్కు దాదాపు 0.5 శాతం సాగేదాకా గీత దాటదు. ఇందాక మెత్తని ఉక్కును పాడుచేసిన 0.37 శాతం దీన్ని ఏమీ చేయదు. మూల ఎక్కువ తెరుచుకున్నా, సెక్షన్ పొడవునా నేరుగా వస్తుంది. కార్ల బంపర్ల లోపలి దూలాలకు, డోర్ల కింది బలమైన పట్టీలకు అతి గట్టి ఉక్కును ప్రెస్సులో కొట్టకుండా రోల్ ఫార్మింగ్‌కు పంపడానికి ఇదొక కారణం.

కాయిల్ మరిచిపోని చరిత్ర

సిమ్యులేషన్ తప్పడానికి ఎక్కువసార్లు కారణం గళ్ళ సైజు కాదు, ఉక్కు గురించి ఇచ్చిన సమాచారం. జర్మనీలో యోహాన్ బౌషింగర్ 1880ల్లోనే ఒక సంగతి కనిపెట్టారు. లోహాన్ని ఒకవైపు లాగి, తర్వాత ఎదురువైపు నొక్కితే మొదటికంటే తక్కువ బలానికే లొంగిపోతుంది. రోల్ ఫార్మింగ్‌లో అంచు ప్రతి జత దగ్గరా సాగుతుంది, దాటాక నొక్కుకుంటుంది, మళ్ళీ సాగుతుంది. ఇది ఇరవైసార్లు జరుగుతుంది. ఒక్కసారి లాగి తెంపిన టెన్సైల్ టెస్ట్ గ్రాఫ్‌ను మాత్రమే కంప్యూటర్‌కు ఇస్తే ఈ లొంగుబాటు దానికి తెలియదు. అటూ ఇటూ పరీక్షించి తీసిన అంకెలు ఇస్తేనే స్ప్రింగ్ బ్యాక్ నిజానికి దగ్గరగా వస్తుంది.

రేకు పుట్టుక కూడా లెక్కలోకి రావాలి. అది మిల్లులో రోలయింది, కాయిల్‌గా చుట్టుకుంది, లెవెలర్‌లో సాపు అయింది. ప్రతి దశా మందంలో కొంత బిగువును వదిలి వెళ్తుంది. చదునుగా కనిపించే రేకు లోపల ఒత్తిడి లేకుండా ఉండదు. ఒకే గ్రేడు, ఒకే మందం ఉన్న రెండు కాయిళ్ళు ఒకే లైన్‌లో వేరువేరుగా ప్రవర్తించడం షాపులో అందరూ చూసేదే. ఆపరేటర్ సెట్టింగ్ మార్చి సర్దుకుంటాడు. అతడికి అనుభవంతో తెలిసినదాన్ని అంకెల్లో పెట్టడం ఈ రంగంలో ఇంకా నడుస్తున్న పని.

వంగిన మూల గట్టిపడుతుంది

చల్లగా వంచిన చోట ఉక్కు యీల్డ్ పెరుగుతుంది. 1967లో అమెరికాలోని కార్నెల్‌లో కారెన్ మూలల బలాన్ని కొలిచి సూత్రం ఇచ్చారు. అదే యూనివర్సిటీలో జార్జ్ వింటర్ చేసిన పరిశోధనల పునాదిపై చల్లగా వంచిన ఉక్కు నిర్మాణాలకు అమెరికాలో 1946లో తొలి ప్రమాణం వచ్చింది. మన ఐఎస్ 801 ప్రమాణం 1975 నాటిది. కారు గుద్దుకుంటే దూలం ఎలా నలుగుతుందో చూసే సిమ్యులేషన్‌కు, ఆ దూలాన్ని రోల్ చేసినప్పుడు ఎక్కడ ఎంత గట్టిపడిందో ఆ లెక్కను కూడా అందిస్తే ఫలితం మెరుగవుతుంది. పుట్టుక లెక్క ఒకచోట, గుద్దుడు లెక్క మరోచోట వేరువేరుగా చేసే అలవాటు మానాలి.

కోశాక బయటపడే వంకర

లైన్‌లో ఉన్నంతసేపు సెక్షన్ నేరుగా ఉండి, కట్టర్ పడగానే ఒక చివర లోపలికి ముడుచుకుని, మరో చివర బయటికి తెరుచుకుంటుంది. లోపల ఒకదాన్నొకటి ఆపుకుంటున్న ఒత్తిళ్ళు కోతతో తెగి విడుదలవుతాయి. ర్యాకు కాళ్ళకు, బోల్టులు వేసి అతికే సెక్షన్లకు ఇది పెద్ద తలనొప్పి. అందుకే సిమ్యులేషన్‌ను ఆఖరి రోలర్ దగ్గర ఆపేయకూడదు. కోయడం, వదిలేయడం కూడా నడపాలి.

కిందికి దిగే దారి

అంచు పైకి ఎక్కడంవల్లే కదా సాగుడు? అయితే నడుమ భాగాన్నే జత జతకూ కాస్త కిందికి దింపితే? అంచు ఎక్కాల్సింది తగ్గుతుంది, నడుమ భాగం దారి కొంచెం పొడుగవుతుంది, రెంటి తేడా చిన్నదవుతుంది. కొత్త రోలర్ అక్కర్లేదు, షాఫ్టుల ఎత్తు మారిస్తే చాలు. ఎంత దింపాలన్నది మాత్రం అందాజా మీద తేలదు. సిమ్యులేషన్‌లో నాలుగు ఎత్తులు పెట్టి చూస్తే ఏది మేలో తెలుస్తుంది.

కలర్ రేకు మధ్యనుంచే మొదలవుతుంది

1829లో లండన్ డాక్ కంపెనీ ఇంజనీరు హెన్రీ రాబిన్సన్ పామర్ అలల రేకుకు పేటెంట్ తీసుకున్నారు. చదును రేకులో లేని గట్టిదనం అలల్లో ఉందని అప్పుడే గ్రహించారు. ఇప్పటి ట్రెపిజాయిడ్ కలర్ రేకును రోల్ చేసేటప్పుడు గాళ్ళు సాధారణంగా నడుమనుంచి బయటి అంచులవైపు ఒక్కొక్కటిగా వేస్తారు. గాడి పడాలంటే పక్కనుంచి రేకు లోపలికి రావాలి. అన్ని గాళ్ళూ ఒకేసారి వేస్తే నడుమ గాడికి రేకు అందదు, పలుచనై సాగిపోతుంది.

వెడల్పు మారే సెక్షన్

రోల్ ఫార్మింగ్ అంటే పొడవునా ఒకే ఆకారం అని చదువుకున్నాం. ఆ మాట ఇప్పుడు పాతబడింది. రోలర్లు పక్కలకు కదులుతూ, తిరుగుతూ రేకు అంచును వెంబడించే లైన్లు వచ్చాయి. జర్మనీలో డార్మ్‌స్టాట్ టెక్నికల్ యూనివర్సిటీలో పీటర్ గ్రోహె బృందం, స్వీడన్‌లో ఓర్టిక్ కంపెనీ, ఆస్ట్రేలియాలో డీకిన్ యూనివర్సిటీ ఈ దారిలో చాలా పనిచేశాయి. వెడల్పు మారే చోట రెక్క ఒక వంపు దగ్గర సాగాలి, పక్క వంపు దగ్గర కుదించుకోవాలి. కుదించుకోలేకపోతే ముడతే. మామూలు సెక్షన్లను అనుభవం ఉన్న డిజైనర్ సిమ్యులేషన్ లేకుండా నెట్టుకురాగలడేమో గానీ, ఇక్కడ అది సాధ్యం కాదు.

ఎంతవరకు నమ్మాలి?

చాలా సిమ్యులేషన్లలో రోలర్లు వంగవు, షాఫ్టులు వంగవు, బేరింగ్ అరగదు. రోలర్ల జతను పట్టి ఉంచే నిజమైన స్టాండ్ లోడు పడగానే కొంచెం తెరుచుకుంటుంది. కాబట్టి మూల 89.6 డిగ్రీలు వస్తుందని కంప్యూటర్ చెబితే ఆ దశాంశాన్ని పట్టుకుని వేలాడకూడదు. రెండు ఫ్లవర్లలో ఏది మేలు, ఏ జత దగ్గర అంచు గీత దాటుతోంది, జత పెంచితే ఎంత తగ్గుతుంది అన్న పోలికల దగ్గర మాత్రం దాని మాట గట్టిది. సిమ్యులేషన్ అసలు విలువ పోలికలోనే ఉందని నా తీర్పు.

ఈ విద్య తెలుగువాళ్ళకు దూరపు సంగతి కాదు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ప్లాంటున్న పెన్నార్ ఇండస్ట్రీస్ కోల్డ్ రోల్ ఫార్మింగ్‌లో పేరున్న కంపెనీ. షట్టర్ పట్టీలు, పర్లిన్లు తీసే చిన్న చిన్న షాపులు మన ఊళ్ళలో ఎన్నో ఉన్నాయి. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనలేమన్న బెంగ కూడా ఇప్పుడు అక్కర్లేదు. జర్మనీలో పనిచేసే ఇంజనీర్లు రాసిన క్యాల్క్యులిక్స్ ఉచితం. ఎక్స్‌ప్లిసిట్ లెక్క చేసే రేడియోస్‌ను ఆల్టెయిర్ కంపెనీ 2022లో ఓపెన్‌రేడియోస్ పేరుతో అందరికీ తెరిచి ఇచ్చింది.

పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీల్లో మెకానికల్ చెప్పే మాస్టార్లకు ఒక మనవి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా పిల్లలతో ఒక్క యు-చానెల్, నాలుగు జతల రోలర్లు చేయించండి. ముందు అంచు సాగుడు చేతితో లెక్కకట్టమనండి, తర్వాత కంప్యూటర్‌లో నడపమనండి. ఆపైన దగ్గర్లోని రోల్ ఫార్మింగ్ షాపుకు తీసుకెళ్ళి, ఆపరేటర్‌ను అడిగి, నిజమైన చానెల్‌ను దారం పట్టి కొలిపించండి. మూడు అంకెలూ ఒక కాగితం మీద పక్కపక్కన రాయించండి.